బొర్రా, బెలూం ఒకే ట్రిప్పులో వద్దమ్మా, ఈసారి గోస్తనీ వెంట వెళ్ళండి

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. కొబ్బరితోట, కాస్త వరి చేను ఉన్నాయి. ఎప్పుడూ పుణ్యక్షేత్రాలే తప్ప పిల్లలకు చూడదగ్గ చోటు ఏదీ చూపించలేదు. మా పెద్దబ్బాయి ఆరో తరగతి. స్కూల్లో సున్నపురాయి గుహల గురించి చెప్పారట, ‘నదులు మనకూ ఉన్నాయిగా, మన దగ్గర గుహలు ఎందుకు లేవు’ అని వాడు ఒకటే గొడవ. మావారు సొంత కారులో నాలుగు రోజుల్లో బొర్రా గుహలు, బెలూం గుహలు రెండూ చుట్టేసి వద్దామంటున్నారు. మాతో పాటు అత్తయ్యగారు, మావయ్యగారు వస్తారు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మావయ్యగారికి ఆయాసం. చిన్నపిల్లకు ఆరేళ్ళు. దసరా సెలవుల్లో వెళ్ళాలా, సంక్రాంతికా? పెద్దవాళ్ళను గుహలోకి తీసుకెళ్ళొచ్చా? నాకైతే టెన్షన్‌గా ఉంది. దారి చూపించండి.

సమాధానం:

అమ్మా, ముందు మీవారి ప్లాను సంగతి చూద్దాం. బొర్రా అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అనంతగిరి కొండల మీద ఉంది. బెలూం నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర ఉంది. రెంటికీ మధ్య ఏడెనిమిది వందల కిలోమీటర్ల రోడ్డు. నాలుగు రోజుల్లో రెండూ అంటే మూడు రోజులు కారులోనే గడిచిపోతాయి. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి గుహలో మెట్ల కన్నా కారులో కాళ్ళు ముడుచుకుని కూర్చోవడమే ఎక్కువ శిక్ష. పిల్లలకు చివరికి గుర్తుండేది హోటళ్ళు, టోల్‌గేట్లు.

మీ ఇంట్లో ఉన్న మనుషుల్ని బట్టి చూస్తే ఈసారికి బొర్రానే ఎంచుకోండి. దగ్గర కాబట్టి మాత్రమే కాదు. బొర్రా గుహ నోరు చాలా పెద్దది. లోపల హాళ్ళు ఎత్తుగా, విశాలంగా ఉంటాయి, ముందు భాగంలోకి పగటి వెలుగు పడుతుంది. ఆయాసం ఉన్నవాళ్ళకు ఇది చాలా పెద్ద తేడా. బెలూంలో దారులు చాలాచోట్ల ఇరుకు, కొన్నిచోట్ల వంగి నడవాలి. గాలి ఆడటానికి ఏర్పాట్లు చేసినా లోపల ఉక్కపోతే. మావయ్యగారిని అక్కడికి తీసుకెళ్ళమని నేను చెప్పలేను.

అయితే బొర్రా కూడా పెద్దవాళ్ళకు సులువేమీ కాదు. టికెట్ గేటు నుంచి గుహ నోటిదాకా మెట్లు దిగాలి. దిగేటప్పుడు తెలియదు, తిరిగి ఎక్కేటప్పుడే మోకాళ్ళకు పరీక్ష. లోపల నడిచే దారి వేశారు కానీ తడి, చెమ్మ ఉంటాయి, అక్కడక్కడా మళ్ళీ మెట్లు. శివలింగం ఉన్న చోటికి నిటారు మెట్లెక్కాలి. అత్తయ్యగారికి ఆ దర్శనం మీద మనసు ఉండొచ్చు. అందుకని ఈ సంగతులన్నీ ముందే ఇంట్లో ఆవిడకు చెప్పి, ఎందాకా వస్తారో ఆవిడనే అడగండి. ఆవిడ తరఫున మీరు నిర్ణయం చేసేయకండి. మొదటి పెద్ద హాలు దాకా నెమ్మదిగా దిగి, అక్కడ కాసేపు నిలబడి చూసినా గుహ చూసినట్టే. శివయ్యకు కింద నుంచే దణ్ణం పెట్టుకోవచ్చు. ఊతకర్ర, వెనక పట్టీ ఉన్న రబ్బరు అడుగు చెప్పులు తప్పనిసరి. హవాయి చెప్పులతో ఎవరినీ లోపలికి దింపకండి, మీతో సహా.

మావయ్యగారి విషయంలో ఆయన్ను చూసే డాక్టరును ముందుగా అడగండి. వెళ్ళొచ్చంటే ఇన్‌హేలర్ ఆయన జేబులోనే ఉండాలి, కారులో వదిలేసిన బ్యాగులో కాదు. జనం కిక్కిరిసినప్పుడు ఆయన్ను లోపలికి తీసుకెళ్ళకండి. ఉదయం 10 గంటలకు తెరవగానే లోపలికి వెళ్తే రద్దీ తక్కువ, మెట్ల మీద తోపులాట ఉండదు.

ఇక ఎప్పుడు వెళ్ళాలన్నది. మీరు అడిగిన రెండూ కాదు. దసరాకు వానలు ఇంకా పూర్తిగా వెళ్ళవు. ఆ తర్వాతి రెండు నెలలు మనకు తుపాన్ల భయం ఎటూ ఉన్నదే. 1996 నవంబరు 6ని కోనసీమ మరిచిపోలేదు, 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ని విశాఖ మరిచిపోలేదు. పెద్ద వాన పడితే ఆ కొండల్లో మట్టిచరియలు విరిగిపడి ఘాట్ రోడ్డో రైలు దారో మూసేస్తారు. కార్తీకమాసంలో ఆదివారాలు వనభోజనాల బస్సులు నిండిపోతాయి. డిసెంబరు ఆఖరి నుంచి సంక్రాంతి దాటేదాకా అరకు రోడ్డు మీద ట్రాఫిక్ చూస్తే వెనక్కి తిరిగి వచ్చేయాలనిపిస్తుంది. పైగా సంక్రాంతికి కోనసీమ వదిలి ఎవరైనా బయటికి వెళ్తారా అమ్మా!

నా మాట వింటే ఫిబ్రవరిలో, శివరాత్రికి బాగా ముందు, పనిదినాల్లో వెళ్ళండి. శివరాత్రికి బొర్రాలో జనం విపరీతం. ఫిబ్రవరికి మీకు దాళ్వా నాట్లు అయిపోయి ఉంటాయి. కొబ్బరి దింపు తేదీ ఒక్కటి చూసుకుంటే చాలు. పిల్లలు రెండు మూడు రోజులు బడి మానేస్తారన్న బెంగ వద్దు, వాళ్ళు చూడబోయేది పాఠమే. మాస్టారికి ముందే చెప్పి వెళ్తే, వచ్చాక పెద్దవాడితో తరగతిలో చెప్పిస్తారు కూడా. ఫిబ్రవరి కుదరకపోతే కార్తీకం వెళ్ళాక డిసెంబరు మొదటి పక్షం కూడా మంచిదే. కానీ అప్పుడు మీకు సార్వా కోతలు, నూర్పిళ్ళు అడ్డొస్తాయేమో చూసుకోండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మాట. చాలామంది బొర్రాను అరకు వెళ్ళే దారిలో ఓ గంట ఆగే చోటుగా చూస్తారు. గబగబా దిగి, పది ఫొటోలు తీసుకుని, గబగబా ఎక్కి, పైన బొంగులో చికెన్ తిని వెళ్ళిపోతారు. మీరు అలా చేయకండి. మీ ట్రిప్పునంతా ఒక ఏరు వెంట పెట్టుకోండి. ఆ ఏరు గోస్తనీ. బొర్రా గుహల ప్రాంతంలో పుడుతుంది. కొండ దిగి శృంగవరపుకోట (ఎస్.కోట) దగ్గర్లో తాటిపూడి జలాశయంలో నిండుతుంది, విశాఖ నగరానికి తాగునీళ్ళు ఇస్తుంది. చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మనం గోదావరి చివరన బతికేవాళ్ళం. అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలవడం మీ పిల్లలు చూసే ఉంటారు. నది పుట్టే చోటు నాసిక్ దగ్గర ఎక్కడో ఉందని పుస్తకంలో చదువుకోవడమే. గోస్తనీ చిన్నది కాబట్టి దాన్ని మొదలు నుంచి చివరిదాకా ఒకే ప్రయాణంలో చూడొచ్చు. ఈ అవకాశం పిల్లలకు మరెక్కడా అంత తేలిగ్గా దొరకదు. నన్నడిగితే అరకులో మరో రెండు పార్కులు చూపించడం కన్నా ఇది వంద రెట్లు మేలు.

మొదటి రోజు మధ్యాహ్నానికి విశాఖ చేరేలా బయలుదేరండి. మీకు ఎదుర్లంక వంతెన మీదుగా యానాం, కాకినాడ, అక్కడి నుంచి కత్తిపూడి దగ్గర హైవే ఎక్కితే అన్నవరం, తుని మీదుగా నాలుగైదు గంటల దారి. ఆ రాత్రి రైల్వేస్టేషన్‌కు దగ్గర్లోనే గది తీసుకోండి. ఎందుకంటే కిరండూల్ వెళ్ళే రైలు తెల్లారి ఏడు గంటల లోపే బయలుదేరుతుంది. పిల్లలతో మీరు రైల్లో వెళ్ళండి, మీవారు పెద్దవాళ్ళిద్దరినీ కారులో బొర్రాకు తీసుకొస్తారు. కారైతే ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు, మావయ్యగారికి అదే సుఖం. ఘాట్ మలుపుల్లో వాంతులు రాకుండా పొద్దున్నే కడుపు నిండా పెట్టకండి, రెండు ఇడ్లీలు చాలు.

పిల్లలకు రైలే ఎందుకంటే, ఆ దారి మళ్ళీ మళ్ళీ దొరికేది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసిన లైను అది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు. బొడ్డవర దాటి కొండెక్కడం మొదలయ్యాక వరుసగా సొరంగాలు, లోయలు. మామూలు పెట్టెలతో పాటు అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె కూడా ఉంటుంది. దానికి గిరాకీ ఎక్కువ కాబట్టి గది కన్నా ముందు ఆ సీట్లు బుక్ చేసుకోండి. దొరక్కపోతే దిగులు పడకండి, కిటికీ పక్కన కూర్చోగలిగితే రిజర్వేషన్ ఉన్న మామూలు పెట్టె అయినా ఆనందమే. చిన్నపిల్ల చేతులు కిటికీ బయట పెట్టకుండా చూసుకోండి, సొరంగం గోడలు చాలా దగ్గరగా వస్తాయి. సుమారు మూడు గంటల్లో బొర్రా గుహలు స్టేషన్‌లో దిగుతారు. గుహలు అక్కడికి దగ్గరే. ఆ ఆవరణలో కోతుల బెడద ఉంది. అరటిపళ్ళు, చిప్స్ ప్యాకెట్లు పిల్లల చేతిలో కనిపించకూడదు.

వెళ్ళే ముందు వారం ఇంట్లో ఓ పని చేయండి. ఓడలరేవు బీచిలోనో అంతర్వేదిలోనో ఏరిన గుల్ల ఒకటి గాజు గ్లాసులో వేసి, మీద వెనిగర్ పోయండి. చిన్న చిన్న బుడగలు లేస్తాయి. గుల్లలో ఉన్నదీ సున్నపురాయిలో ఉన్నదీ ఒకటే పదార్థం, కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే అది కరుగుతుంది. మన పాత ఇళ్ళకు గుల్లలు కాల్చి సున్నం చేసేవారన్న సంగతి మావయ్యగారు చెబుతారు. వాన నీరు గాలిలోంచి, ముఖ్యంగా మట్టిలోంచి దిగేటప్పుడు, కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త పుల్లబడుతుంది. ఆ నీరు రాతి పగుళ్ళలోకి దిగి లక్షల ఏళ్ళు కొంచెం కొంచెంగా కరిగిస్తే గుహ ఏర్పడుతుంది. తర్వాత అదే నీరు గుహ పైకప్పు నుంచి చుక్కగా వేలాడినప్పుడు దానిలోని గ్యాసు గాలిలోకి పోతుంది, కరిగిన సున్నం పలచటి పొరగా మిగులుతుంది. బోరు నీళ్ళు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లగా గట్టిపడే పొర ఉంటుంది చూడండి, అదే ఇది. అలా పైనుంచి రాతి ఊడలు దిగుతాయి, కింద పడిన చుక్కల వల్ల రాతి దిబ్బలు లేస్తాయి, ఎప్పటికో రెండూ కలిసి స్తంభాలవుతాయి. అవి సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు చొప్పున, అంతకన్నా తక్కువ కూడా, పెరుగుతాయి. అంటే మీ అబ్బాయి ఎత్తు ఉన్న ఊడకు పది వేల ఏళ్ళు పైనే పట్టి ఉంటుంది.

ఈ లెక్క తెలిసిన పిల్లవాడు గుహలో ఊడను విరవడు, తన పేరు గీకడు. లోపల అలా గీకిన పేర్లు చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. చేత్తో ముట్టుకోవడం కూడా వద్దు. చేతి జిడ్డు అంటితే అక్కడ కొత్త పొర సరిగా పట్టదు, రాయి మసిబారుతుంది. లైట్ల దగ్గర రాయి మీద ఆకుపచ్చగా పాచి కనబడితే పిల్లలకు చూపించండి. మనం పెట్టిన వెలుతురుకు మొలిచిందది, చీకట్లో ఉండేది కాదు. వెనిగర్ సీసా మాత్రం ఇంట్లోనే వదిలి రండి!

లోపల గైడ్లు రాళ్ళలో శివపార్వతుల్ని, తల్లీబిడ్డల్ని, ఋషి గడ్డాన్ని చూపిస్తారు. వినండి, బాగుంటుంది. చుట్టుపక్కల గ్రామాల గిరిజనులకు ఇది బతుకుతెరువు కూడా. తప్పిపోయిన ఆవును వెతుక్కుంటూ వచ్చిన కాపరి ఈ గుహను, లోపలి లింగాన్ని చూశాడన్న కథ వాళ్ళ నోట వింటేనే అందం. కానీ గైడ్ చెప్పడం అయ్యాక అక్కడే ఇంకాసేపు ఉండండి. జనం ముందుకు కదిలాక చుక్క పడే చప్పుడు వినిపిస్తుంది. ఆ చుక్క ఎక్కడ నుంచి పడుతోందో, ఎక్కడ పడుతోందో పిల్లలను వెతకమనండి. గుహకు రెండు గంటలైనా కేటాయించండి. ఆ కొండల రాయి మామూలు సున్నపురాయి కూడా కాదు. భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ పాలరాయిగా మారిన సున్నపురాయి. పెద్దవాడికి ఈ మాట చెబితే మాస్టారిని అడగడానికి ఇంకో ప్రశ్న దొరుకుతుంది.

ఈ రాళ్ళ కోసం పెద్ద పోరాటమే జరిగింది. బొర్రా చుట్టూ గిరిజన గ్రామాల్లో గనుల లీజులు ఇచ్చారని సమత అనే సంస్థ కోర్టుకు వెళ్ళింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దేశమంతా దాన్ని సమత తీర్పు అనే పిలుస్తుంది. దారిలో కాఫీ తోటలు, పచ్చటి కొండలు చూసి మురిసిపోయేటప్పుడు మీవారికి ఈ సంగతి చెప్పండి.

ఆ రాత్రి అరకులోనో అనంతగిరిలోనో ఉండండి. ఫిబ్రవరిలో కూడా అక్కడ రాత్రిళ్ళు చలి. మన వాళ్ళకు అలవాటు లేదు, పెద్దవాళ్ళకు స్వెటర్లు, చెవులకు మఫ్లర్లు పెట్టుకోండి. కటికి జలపాతం బాగుంటుంది కానీ జీపులో కుదుపుల దారి, మీ పెద్దవాళ్ళకు వద్దు. మూడో రోజు కొండ దిగి తాటిపూడి జలాశయం గట్టు మీద ఓ గంట గడిపి, సాయంత్రానికి భీమిలి చేరండి. గోస్తనీ సముద్రంలో కలిసే చోటు పిల్లలకు చూపించండి. దగ్గర్లోనే ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. నీరు ఇసుకను ఎలా కోస్తుందో అక్కడ కళ్ళారా కనబడుతుంది. నాలుగో రోజు తీరిగ్గా ఇంటికి రావచ్చు.

బెలూం సంగతి. దాన్ని తీసిపారేయమని కాదు అంటున్నది. కార్స్ట్, అంటే నీరు రాతిని కరిగించి కిందంతా తొలిచేసిన నేల, ఎలా ఉంటుందో నిజంగా తెలిసేది అక్కడే. బొర్రాకు కొండెక్కి వెళ్తాం. బెలూంలో చదును నేల మీద నడుస్తూ నడుస్తూ గోతిలోకి దిగుతాం, కిందంతా దారులే. పలకలు పలకలుగా పరిచినట్టున్న నల్ల సున్నపురాయిని నీరు తొలిచింది. మన ఇళ్ళలో అరుగులకూ గచ్చులకూ వేసుకున్న బేతంచెర్ల, తాడిపత్రి బండలు ఆ ప్రాంతం నుంచి వచ్చినవే. గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు కిలోమీటరున్నర జనానికి తెరిచారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దాన్ని గురించి రాశాడు. 1980లలో జర్మన్ల బృందం లోపలంతా కొలిచింది. 2002లో పర్యాటకులకు తెరిచారు. అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ, పైనుంచి 46 మీటర్ల కింద.

చిన్నపిల్లకు ఇంకో నాలుగైదేళ్ళు రానిచ్చి, మీరు నలుగురే వెళ్ళండి. రాజమండ్రిలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నల్లమల అడవి మీదుగా నంద్యాలలో దిగొచ్చు. అక్కడ కారు మాట్లాడుకుంటే బనగానపల్లె దగ్గర యాగంటి, తర్వాత బెలూం. యాగంటి కోనేరు, ఆ కొండ గుహలు కూడా ఈ కథలో భాగమే. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళాలి. ఏప్రిల్, మే ఎండల్లో ఆ సీమ వైపు గుహల కోసం వెళ్ళకండి. చాలామంది గండికోటను కూడా సున్నపురాయి లోయ అనుకుంటారు, కాదు. అక్కడ పెన్న కోసింది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయిని. చూడవలసిన చోటే, కాకపోతే వేరే కథ.

ఇక మీ అబ్బాయి ప్రశ్న. చాలా మంచి ప్రశ్న, వాడిని విసుక్కోకండి. కోనసీమ కింద ఉన్నదంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. మీ తోటలో బోరు వేసినప్పుడు ఇసుక, బంకమట్టి తప్ప రాయి తగిలి ఉండదు. నదులు ఉంటే సరిపోదు, కరిగే రాయి మందంగా ఉండాలి. మనకు ఆ రాయే లేదు. అలాగని గోదావరి జిల్లాల్లో సున్నపురాయి అసలే లేదని కాదు. రాజమండ్రి పక్కన కాతేరులో, కొవ్వూరు అవతల పంగిడి, దుద్దుకూరు వైపు నల్లరాతి కింద, ఆ రాతి పొరల మధ్య సున్నపురాయి పొరలు ఉన్నాయి, వాటిలో గుల్లల శిలాజాలు కూడా. ఆ నల్లరాయి ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటి లావా. ఇళ్ళకు మనం తోలించుకునే గౌరీపట్నం కంకర అదే. సున్నపురాయి పొర మాత్రం పలచన, గుహ తొలిచేంత మందం లేదు. వాడు చూస్తానని పట్టుబడితే రోడ్డు మీద నుంచే చూపించండి. క్వారీలోకి దిగనివ్వకండి, అక్కడ బ్లాస్టింగ్ జరుగుతుంది, లారీలు తిరుగుతాయి.

బయలుదేరే ముందు రోజు రైలు నడుస్తోందో లేదో తప్పక చూసుకోండి. చరియలు విరిగి దాన్ని రద్దు చేస్తే రోడ్డు కూడా అడిగి తెలుసుకుని, తెరిచి ఉంటేనే అందరూ కారులో వెళ్ళండి. అదీ మూసేస్తే ముందు భీమిలి, తాటిపూడి చూడండి, గుహకు మర్నాడు వెళ్ళొచ్చు.